రోబోకీ లేత్‌కీ మధ్య వైర్లా, నెట్‌వర్కా?

బాలానగర్_టర్నింగ్:
మా షాపులో సీఎన్‌సీ లేత్‌కి (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే లేత్) జాబ్ ఎక్కించి దించే రోబో పెడుతున్నాం, మధ్యలో రెండిటినీ సమన్వయం చేసే కంట్రోలర్, పీఎల్‌సీ. డోర్ తెరుచుకుంది, చక్ జాబ్‌ని పట్టింది, సైకిల్ అయింది లాంటి సిగ్నళ్లు 16 ఉన్నాయి. ఒక్క కేబుల్ చాలు, అన్నీ ప్రోఫినెట్ (ఈథర్నెట్ మీద నడిచే ఫ్యాక్టరీ నెట్‌వర్క్) మీద పెడదామంటున్నాడు ఇంటిగ్రేటర్. మా మెయింటెనెన్స్ ఆయనేమో 24 వోల్టుల వైర్లే కావాలని పట్టుబట్టారు. మీరైతే ఏం చేస్తారు?

ప్యానెల్_పంతులు:
వైర్లే. రాత్రి షిఫ్టులో సెల్ (రోబో, లేత్ కలిసిన యూనిట్) ఆగితే ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూసుకుంటాడు. సిగ్నల్ వైర్లు చేరే ఐఓ కార్డు మీద లైటు చూసినా తెలిసిపోతుంది. నెట్‌వర్క్ అయితే ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ లైసెన్సు, అది వాడటం వచ్చినవాడు కావాలి. వాడు అర్ధరాత్రి ఎక్కడ దొరుకుతాడండీ?

ఐపీ_అడ్రస్:
పంతులు గారూ, 16 అనేది ఇవాళ్టి లెక్క. రేపు ప్రోగ్రామ్ నంబరు పంపాలంటారు. 255 వరకు పంపడానికే 8 వైర్లు. ఆ తర్వాత కొలతను బట్టి టూల్ ఆఫ్‌సెట్ (టూల్ స్థానంలో చేసే సవరణ అంకె) దిద్దాలంటారు, అప్పుడు ఎన్ని లాగుతారు? పైగా రోబో అవుట్‌పుట్ పీఎన్‌పీ (ఆన్ అయితే ప్లస్ 24 ఇచ్చేది), లేత్ ఇన్‌పుట్ ఎన్‌పీఎన్ (జీరో వోల్టుకి కలిపితే పనిచేసేది) రకం అయితే మధ్యలో రిలేలు తప్పవు.

ప్యానెల్_పంతులు:
రిలే పోతే మార్చేస్తాం, ఎంతసేపు? ప్రోఫినెట్ మాడ్యూల్ మార్చి దానికి డివైజ్ నేమ్ పెట్టకపోతే పీఎల్‌సీ దాన్ని పట్టించుకోదు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా అంతే.

ఐపీ_అడ్రస్:
టోపాలజీ (ఏ పోర్టుకి ఏది కలిసిందో చూపే పటం) కాన్ఫిగర్ చేసి ఉంటే, కొత్త మాడ్యూల్ ఫ్యాక్టరీ సెట్టింగుల్లో ఉంటే, దాన్ని పక్కనున్న పరికరాన్ని బట్టి గుర్తించి పీఎల్‌సీయే పేరు పెట్టేస్తుంది. చాలామంది టోపాలజీ గీయకుండానే డౌన్‌లోడ్ చేసి వెళ్లిపోతారు, అది ప్రోటోకాల్ తప్పా?

షిఫ్ట్_బి:
లింక్ తెగితే బిట్ (నెట్‌వర్క్ మీద వచ్చే ఆన్/ఆఫ్ సిగ్నల్) ఏమవుతుందో ఇద్దరూ చెప్పలేదు. ప్రోఫినెట్‌లో వాచ్‌డాగ్ ఉంటుంది, మామూలుగా వరసగా మూడు అప్‌డేట్లు రాకపోతే కనెక్షన్ పోయినట్టు లెక్క. ఆ తర్వాత విలువ సున్నా అవుతుందా, పాతదే నిలుస్తుందా అన్నది రోబో వైపు సెట్టింగ్‌లో చూసుకోవాలి. మోడ్‌బస్ టీసీపీ అనే ఇంకో ప్రోటోకాల్ అయితే ఇంకా జాగ్రత్త, మీ ప్రోగ్రామ్ పట్టించుకోకపోతే పాత విలువే అలా ఉండిపోతుంది. డోర్ తెరిచే ఉందనుకుని రోబో చెయ్యి లోపలికి వెళ్తే గ్రిప్పర్ పోయినట్టే. అందుకే రెండు వైపులా హార్ట్‌బీట్ బిట్ (ఆన్, ఆఫ్ అవుతూనే ఉండే బిట్) పెట్టండి, అది మారడం ఆగిందా సెల్ ఆగాలి. డోర్‌కి తెరిచినప్పుడు ఒక సెన్సర్, మూసినప్పుడు ఒకటి. రెండూ ఒకేసారి ఆన్ అయితే అలారం రావాలి.

డెట్రాయిట్_తెలుగు:
ఎమర్జెన్సీ స్టాప్, గార్డ్ డోర్ సంగతి వేరే. వాటిని మామూలు ప్రోఫినెట్ బిట్ల మీద ఎప్పుడూ పెట్టొద్దు. సేఫ్టీ సిగ్నళ్ల కోసం ఉన్న ప్రోఫిసేఫ్ అదే కేబుల్ మీద నడుస్తుంది, కానీ సేఫ్టీ పీఎల్‌సీ, రోబోలో ఆ ఆప్షన్ ఉండాలి. ఒక్క సెల్‌కి అంత ఖర్చు నాకైతే దండగ అనిపిస్తుంది. రెండు చానెళ్ల వైరింగ్, ఒక సేఫ్టీ రిలే చాలు.

బాలానగర్_టర్నింగ్:
అయితే డోర్, చక్, సేఫ్టీ వైర్ల మీద, ప్రోగ్రామ్ నంబర్లు నెట్‌వర్క్ మీద పెట్టమంటాను. పంతులు గారూ, ఒప్పుకుంటారా?

ప్యానెల్_పంతులు:
సగం ఒప్పుకుంటా. ఐపీ అడ్రస్‌ల పట్టిక ప్యానెల్ తలుపు లోపల అంటించమనండి. పీఎల్‌సీ ప్రాజెక్ట్ ఫైల్, పాస్‌వర్డ్, జీఎస్‌డీఎంఎల్ ఫైళ్లు (ప్రోఫినెట్ పరికరాల వివరణ ఫైళ్లు), రోబో బ్యాకప్ చేతికొచ్చేదాకా చివరి పేమెంట్ మాత్రం ఇవ్వకండి.