అప్‌డేట్: అమ్మమ్మ, అమ్మ, నేను కలిసి చదవడానికి కథలు అడిగాను కదా

అందరికీ థ్యాంక్స్ అండీ. మూడు తరాల ఆడవాళ్ల బతుకు, పని కనిపించే తెలుగు కథలు చెప్పమంటే మీరు చెప్పినవాటిలో ముందు భండారు అచ్చమాంబ గారి 'స్త్రీవిద్య' చదివాం, 1902 నాటిది, అంటే తొలి తెలుగు కథ అని చెప్పుకునే గురజాడ 'దిద్దుబాటు' కంటే ఎనిమిదేళ్లు ముందు, అయినా స్కూల్లో మాకు ఈవిడ పేరే చెప్పలేదు. మొగుడు జైలుకి వెళ్లాలి, ఉత్తరాలు రాయడానికైనా చదువు నేర్చుకోమని పెళ్లాన్ని బతిమాలతాడు, ఆవిడేమో ససేమిరా అంటుంది. అమ్మమ్మ ఒకటే నవ్వు!

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' మాత్రం అమ్మకి గట్టిగా తగిలింది. ఇల్లు శుభ్రం చేసీ చేసీ తన పేరే మర్చిపోయిన ఆవిడకి పాత ఫ్రెండ్ 'శారదా' అని పిలిస్తే గానీ గుర్తురాదు. అది అయ్యాక అమ్మ, మన వీధిలో నన్నెవరు పేరు పెట్టి పిలుస్తారే అంది, నాకు ఏం చెప్పాలో తోచలేదు.

ఓల్గా గారి 'స్వేచ్ఛ' నవల (1987) నాకు నచ్చింది, ఉద్యోగం ఉన్నంత మాత్రాన అయిపోదని చెప్పడం బాగుంది. కానీ ఇవన్నీ దాదాపు చదువుకున్న ఇళ్ల కథలే, నాట్లకీ కలుపులకీ వెళ్లిన అమ్మమ్మకి వంటింటి బాధ ఒక్కటే కాదు కదా, ఒకరు గోగు శ్యామల గారి 'ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం' అని పల్లెల్లో దళితుల బతుకు మీద కథల పుస్తకం చెప్పారు, అదిప్పుడు ఆర్డర్ పెట్టా. బీడీలు చుట్టే ఆడవాళ్ల మీద కథలేమైనా ఉంటే చెప్పండి ప్లీజ్.