క్లియర్ పెడితే హెడ్డింగ్ సైడ్‌బార్ కిందికి జారిపోతోంది

వెబ్‌పేజీ సీఎస్‌ఎస్‌లో వచ్చిన సమస్య ఇది. ఎడమవైపు సైడ్‌బార్: ఫ్లోట్ లెఫ్ట్ (ఎడమ అంచుకి జరిగి, మిగతాది పక్కన వచ్చేలా), వెడల్పు 240 పిక్సెళ్లు, ఎత్తు సుమారు 900. పక్కనున్న మెయిన్ డివ్‌కి ఫ్లోట్ లేదు, మార్జిన్-లెఫ్ట్ 260 మాత్రమే. మెయిన్‌లో మొదట 180 × 120 ఫోటో, ఎడమకి ఫ్లోట్ అయి ఉంది. పక్కన రెండు లైన్ల పేరా. తర్వాతి హెచ్2 (హెడ్డింగ్)కి క్లియర్: బోత్, అంటే ముందున్న ఫ్లోట్ల కిందే మొదలవ్వాలని.

హెచ్2 ఫోటో కిందే ఆగాలి. అలా కాకుండా సైడ్‌బార్ అడుగు దాకా దిగిపోతోంది, మధ్యలో 750 పిక్సెళ్లకు పైగా ఖాళీ. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింట్లోనూ ఇంతే, కాబట్టి బ్రౌజర్ బగ్ కాదు. రెండు ఫ్లోట్లూ ఒకే బ్లాక్ ఫార్మాటింగ్ కాంటెక్స్ట్‌లో (ఫ్లోట్, క్లియర్ ప్రభావం ఉండే పరిధి) ఉండటమే కారణం.

క్లియర్: లెఫ్ట్ ఇచ్చినా తేడా లేదు, సైడ్‌బారూ ఎడమ ఫ్లోటే కదా. ఫోటోనీ పేరానీ ఒక డివ్‌లో పెట్టి క్లియర్‌ఫిక్స్ (డివ్ చివర క్లియర్ పెట్టి లోపలి ఫ్లోట్లని అందులోనే ఇమిడ్చే పద్ధతి) ఇస్తే ఆ డివ్వే సైడ్‌బార్ అడుగు దాకా సాగింది. మెయిన్‌కి ఓవర్‌ఫ్లో: హిడెన్ ఇస్తే ఖాళీ పోయింది గానీ, మెయిన్ అంచు దాటి కనిపించాల్సిన టూల్‌టిప్ సగానికి తెగిపోతోంది. పాత టెంప్లేట్ కావడంతో బయటి లేఅవుట్‌ని ఫ్లెక్స్‌కి మార్చే వీల్లేదు.

టూల్‌టిప్ తెగకుండా, లోపలి క్లియర్ లోపలి ఫ్లోట్లకే పరిమితం కావాలంటే మెయిన్‌కి ఏ ప్రాపర్టీ ఇవ్వాలి?