షేర్ బ్రోకర్లు ఈమెయిల్‌లో లాగిన్ లింకులు పంపడం మానాలా, వద్దా?

మిర్యాలగూడ, రైస్‌మిల్లు అకౌంటెంట్:
మా మిల్లులో పనిచేసే ఒకాయనకు పోయిన వారం ఈమెయిల్ వచ్చింది. కేవైసీ గడువు ముగిసింది, సాయంత్రంలోగా అప్‌డేట్ చేయకపోతే షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతా ఆపేస్తామని. లోగో, రంగులు అచ్చం ఆయన బ్రోకర్‌వే. పంపినవారి పేరు మీద నొక్కితే వెనక అడ్రసు ఇంకెవరిదో. పక్క సీటాయన ఆపకపోతే లాగిన్ అయ్యేవాడే. నేననేది ఒకటే: బ్రోకర్లు ఈమెయిల్‌లో లాగిన్ లింకులు పంపడం మానేయాలి. ఐపీఓకు అప్లై చేయండి, నామినీని చేర్చండి అంటూ లింకు నొక్కే అలవాటు చేసేది వాళ్లే. దొంగ లింకు నొక్కితే మాత్రం కస్టమర్ అజాగ్రత్త అంటారు.

పాలమూరు, టీచర్:
అన్నా, మీ బాధ అర్థమైంది గానీ ఒప్పుకోను. బ్రోకర్ మానితే దొంగ మానుతాడా? వాట్సాప్‌లో పంపుతాడు, ఫోన్ చేస్తాడు. మనమే అడ్రసు చదవడం నేర్చుకోవాలి. లింకులో తొలి ఒంటి గీతకు (/) సరిగ్గా ముందు, డాట్‌కామ్‌తో కలిసి ఉన్న పేరే అసలు సైటు. దానికి ఎడమవైపు బ్రోకర్ పేరు ఎంత బాగా కనబడ్డా లెక్క కాదు.

మిర్యాలగూడ, అకౌంటెంట్:
సార్, రిటైరై వచ్చిన డబ్బుతో షేర్లు కొన్న పెద్దాయనకు ఫోన్‌లో ఆ అడ్రసు సగమే కనబడుతుంది. 'బ్రోకర్ లింకు పంపడు, వచ్చిందంటే దొంగదే' అని ఒక్క మాట చెప్పగలిగితే ఆయనకు గుర్తుంటుంది. బ్రోకర్లు మానితేనే ఆ మాట నిజమవుతుంది.

సూర్యాపేట, ఒకప్పుడు బ్రోకింగ్ ఆఫీసులో చేశాను:
ఈమెయిలే వద్దంటే కుదరదు. ట్రేడ్ అయిన 24 గంటల్లో కాంట్రాక్ట్ నోట్, అంటే ఆ కొనుగోళ్లు, అమ్మకాల వివరాల పత్రం పంపాలి, ఎక్కువమందికి అది ఈమెయిల్‌లోనే వస్తుంది. లాగిన్ లింకు సంగతి వేరు, అందులో నేను మిర్యాలగూడ అన్న వైపే.

'ఓటీపీ ఉందిగా, విత్‌డ్రా చేసినా నా బ్యాంకుకే వస్తుంది, వాడికేం దక్కుతుంది' అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దొంగ పేజీ ఓటీపీ కూడా అడుగుతుంది. మీరు కొట్టగానే వాడు దాన్ని అసలు సైటులో వాడేస్తాడు. ఇక విత్‌డ్రా చేయాల్సిన పనే లేదు. ఎవరూ ముట్టుకోని ఒక ఆప్షన్‌ను (షేరును ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కు, అదీ మార్కెట్‌లో చేతులు మారుతుంది) తన ఖాతాలోంచి అమ్మకానికి పెట్టి, మీ ఖాతాతో ఎన్నో రెట్ల ధరకు కొనిపిస్తాడు. నష్టం మీకు, లాభం వాడికి. చూసేవాళ్లకు మామూలు ట్రేడ్‌లాగే ఉంటుంది. మీ షేర్లు అమ్మాలంటే టీపిన్ (షేర్లు ఖాతాలోంచి తీయడానికి అడిగే రహస్య నంబరు), ఓటీపీ అడ్డముంటాయి. డీడీపీఐ, అంటే అమ్మిన షేర్లను ప్రతిసారీ అడగకుండా తీసుకోమని బ్రోకర్‌కు ముందే రాసిచ్చే అనుమతి ఇచ్చినవాళ్లకు ఆ అడ్డూ ఉండదు.

నల్లగొండ, గృహిణి:
చదువుతుంటేనే టెన్షన్‌గా ఉంది. నొక్కేసి, పాస్‌వర్డ్ కూడా ఇచ్చేస్తే ముందు ఏం చేయాలి?

సూర్యాపేట:
మేడం, ముందు ట్రేడింగ్ ఖాతా ఫ్రీజ్ చేయించండి. ఖాతాదారు అడిగితే ఆపే సదుపాయం ఆన్‌లైన్ బ్రోకర్లందరూ ఇవ్వాలన్న సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) నియమం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. తర్వాత యాప్‌ మీరే తెరిచి పాస్‌వర్డ్ మార్చండి, అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ చేయండి. ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, ఇది చాలామంది మర్చిపోతారు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ ఈమెయిల్ మాత్రం డిలీట్ చేయొద్దు, ఫిర్యాదుకు అదే ఆధారం.

పాలమూరు, టీచర్:
ఆప్షన్లతో ఇలా చేస్తారని తెలియదు. లాగిన్ లింకులు ఆపాలన్నదానికి సరే. కానీ ఓటీపీ మన చేత్తో ఇచ్చి, నష్టం బ్రోకర్ కట్టాలంటే ఒప్పుకోను. బ్యాంకుల విషయంలో ఆర్‌బీఐ 2017లో ఇచ్చిన ఆదేశాల్లోనూ, ఖాతాదారు అజాగ్రత్తతో పోతే బ్యాంకుకు చెప్పేదాకా నష్టం ఖాతాదారుదే, చెప్పాక జరిగింది బ్యాంకుది. బ్రోకర్లకూ అదే న్యాయం.

మిర్యాలగూడ, అకౌంటెంట్:
చెప్పాక జరిగింది వాళ్లదే అంటే నాకూ సమ్మతమే. కానీ అజాగ్రత్త అని తేల్చేదెవరు సార్? అసలు మెయిల్, దొంగ మెయిల్ పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటే బ్రోకర్ ఆఫీసువాళ్లే తడబడతారు. లాగిన్ లింకులు ఆపమని నా బ్రోకర్‌కు ఇవాళే రాస్తున్నా. మీరూ మీ బ్రోకర్లకు రాయండి, వచ్చిన జవాబు ఇక్కడే పెట్టండి.