డిస్‌లెక్సియా ఉన్న ఉద్యోగి వెసులుబాటు కోసం ఆఫీసుకు ఎలా రాయాలి?

హనుమకొండలోని ఒక ప్రైవేటు రుణ సంస్థలో దరఖాస్తుల వివరాలను కంప్యూటర్‌లో ఎక్కించే పని నాది. నాకు డిస్‌లెక్సియా, అంటే చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం, ఉంది. చేతిరాతతో నింపిన ఫారాల్లోని ఖాతా నంబర్లు తారుమారవుతాయి. 5386ను 5836గా కొట్టి, మళ్లీ సరిచూసుకున్నా తేడా కనిపించదు. సాయంత్రం నాలుగు దాటాక, రోజు లెక్క ముగించే ఒత్తిడిలో ఇది మరీ ఎక్కువవుతుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, రాత్రి నిద్ర పట్టకపోవడం దాని వెంటే వస్తాయి. మానసిక వైద్యులు ఇచ్చిన మందులతో దడ తగ్గింది గానీ అంకెల ఇబ్బంది అలాగే ఉంది.

వరుస కింద స్కేలు పెట్టి చదివాను, తెరపై అక్షరాల సైజు పెంచాను. ఎక్కించిన నంబరును కంప్యూటర్ చేత చదివించుకొని వినడం ఒక్కటే నిజంగా ఉపయోగపడింది, కానీ మా దగ్గర ఇయర్‌ఫోన్లకు అనుమతి లేదు. ఆ అనుమతితో పాటు నంబర్ల పని ఉదయం పూట ఇవ్వమని మేనేజర్ గారిని నోటిమాటగా అడిగితే, అందరికీ ఒకటే నియమమన్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాలను గుర్తించినా, పనిచోట వెసులుబాట్లు కల్పించే బాధ్యతను 20వ సెక్షన్‌లో ప్రభుత్వ సంస్థలపైనే పెట్టింది.

ప్రైవేటు ఉద్యోగంలో ఇలాంటి వెసులుబాటును రాతపూర్వకంగా అడిగి సాధించుకున్నవారు, ఆ దరఖాస్తులో ఏమని రాశారో దయచేసి చెప్పగలరా?