ఎసిటిక్ ఆమ్లాన్ని నికర అయానిక సమీకరణంలో విడగొట్టాలా, వద్దా?

నీలి లిట్మస్: ఎసిటిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ చర్యకు నికర అయానిక సమీకరణం (చర్యలో నిజంగా మారే కణాలను మాత్రమే చూపేది) రాయమన్నారు. ‘హైడ్రోజన్ అయాన్ + హైడ్రాక్సైడ్ అయాన్ → నీరు’ అని రాశాను. సున్నా వేశారు. ఆమ్లాన్ని అయాన్లుగా విడగొట్టకూడదట! హైడ్రోజన్ అయాన్ ఇవ్వనిదే అది ఆమ్లం ఎలా అవుతుంది?

బ్యూరెట్: సున్నా సబబే. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో వెయ్యి అణువులుంటే విడిపోయేవి సుమారు 13. మిగతావి చెక్కుచెదరవు. అందుకే ‘ఎసిటిక్ ఆమ్లం + హైడ్రాక్సైడ్ అయాన్ → ఎసిటేట్ అయాన్ + నీరు’ అని రాయాలి. ప్రేక్షక అయాన్, అంటే చర్యలో మారకుండా ఉండిపోయేది, సోడియం ఒక్కటే. ఎసిటేట్ కొత్తగా పుట్టింది, దాన్ని కొట్టేస్తే ఎలా?

గాజుకడ్డీ: నేను ఒప్పుకోను. ఆ 13 ఖర్చవగానే మరికొన్ని విడిపోతాయి. చివరికి వెయ్యీ విడిపోయినట్టే కదా. లిట్మస్ రాసింది అసలు చర్యే.

బ్యూరెట్: గాజుకడ్డీ గారూ, సమీకరణం దారి చెప్పదు. కలపకముందు బీకరులో ఏముంది, కలిపాక ఏముంది, అంతే. మీరన్నట్టు అన్నీ ఒకే చర్య అయితే వేడి కూడా ఒకేలా రావాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లమైనా నైట్రిక్ ఆమ్లమైనా సోడియం హైడ్రాక్సైడ్‌తో కలిస్తే మోలు నీటికి దాదాపు 57 కిలోజౌళ్లు. ఎసిటిక్ ఆమ్లానికి కాస్త తక్కువ. హైడ్రోసయనిక్ ఆమ్లానికి వచ్చేది 12 దగ్గరే! అణువును విడదీయడానికే మిగతాదంతా పోయింది. లిట్మస్ సమీకరణంలో ఆ ఖర్చు ఎక్కడ కనబడుతుంది?

గాజుకడ్డీ: మరి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమూ బలహీనమైనదేగా, కొద్దిగానే విడిపోతుంది. దానికి 68 వరకు వస్తుంది. ఖర్చు పెడితే లాభం వచ్చిందా?

బ్యూరెట్: వచ్చింది. చిన్న ఫ్లోరైడ్ అయాన్ చుట్టూ నీటి అణువులు గట్టిగా అల్లుకుంటాయి, ఆ వేడి ఖర్చును మించిపోతుంది. 57 కాదు కాబట్టి ఇదీ వేరే చర్యేనని మీరే నిరూపించారు.

తెల్లమడ్డి: బ్యూరెట్ గారూ, మీ నియమం మీరైనా పాటిస్తారా? 0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మొదటి హైడ్రోజన్ పూర్తిగా విడిపోతుంది. రెండోది పదింట ఒక వంతే. అయినా అందరూ ‘రెండు హైడ్రోజన్ అయాన్లు, ఒక సల్ఫేట్’ అని దర్జాగా రాస్తారు. ఎసిటిక్ ఆమ్లానికి ఒక న్యాయం, సల్ఫ్యూరిక్ ఆమ్లానికి మరొకటా?

బ్యూరెట్: ఇక్కడ దొరికిపోయాను. నిక్కచ్చిగా అయితే బేరియం హైడ్రాక్సైడ్‌తో చర్యను ఇలా రాయాలి: ‘బేరియం అయాన్ + 2 హైడ్రాక్సైడ్ అయాన్లు + హైడ్రోజన్ అయాన్ + హైడ్రోజన్ సల్ఫేట్ అయాన్ → బేరియం సల్ఫేట్ అవక్షేపం + 2 నీరు’. ఇందులో ప్రేక్షకులే లేరు. ద్రావణంలో బల్బు తీగలు ముంచి ఆమ్లాన్ని చుక్కలుగా వేస్తూ పోతే, ఆమ్లం, క్షారం సరిగ్గా సరిపోయిన చోట కరెంటు మోసే అయాన్లు దాదాపు మిగలక బల్బు ఆరిపోతుంది. మరో నాలుగు చుక్కలు పడితే మళ్లీ వెలుగుతుంది.

నీలి లిట్మస్: బాగుంది. అయితే మా మాస్టారు సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ఎప్పుడూ పూర్తిగా విడగొట్టే రాస్తారు. నేను ఇలా రాసిస్తే ఇంకో సున్నా ఖాయం.