బ్లాడర్ నిండడాన్ని పసిగట్టి తనే అదుపు చేసే పరికరం ఉందా? టెన్స్ సెట్టింగులు కూడా కావాలి

కృష్ణాతీరం
ఓవర్ యాక్టివ్ బ్లాడర్‌కి (నిండకముందే మూత్రం అర్జెంటుగా వచ్చే జబ్బు) సాలిఫెనసిన్ మాత్ర వేస్తే నోరెండిపోతుంది, మలబద్ధకం. మిరాబెగ్రాన్ అయితే బీపీ మీద కన్నేసి ఉంచాలి. అందుకే పరికరాల గురించే అడుగుతున్నాను.
1. బ్లాడర్ పరిస్థితి చూసుకుని తనంతట తానే నరానికి కరెంటు ఇచ్చేది మనుషులకు వచ్చిందా?
2. చర్మం మీద ప్యాడ్లు అంటించి కరెంటు ఇచ్చే టెన్స్ మిషన్‌తో ఇంట్లో చేస్తే సెట్టింగులేంటి?
3. ఇంప్లాంట్ ఉన్నవాళ్లకి ఎమ్మారై తీయొచ్చా?
4. మన దగ్గర మొత్తం ఖర్చు ఎంత?

ఫిజియో_హనుమకొండ
రెండోది నేను చెప్తా. కాలి వెనక నుంచి పాదంలోకి దిగే టిబియల్ నరం పట్టుకోవాలి. ఒక ప్యాడ్ చీలమండ లోపలి గుబ్బ వెనకాల, రెండోది దానికి 10 సెం.మీ. పైన, ఎముక మీద కాదు, ఎముక వెనక అంచును ఆనుకుని. నెగెటివ్ వైరు కింద ప్యాడ్‌కి. పల్స్ విడ్త్ 200 మైక్రోసెకన్లు, ఫ్రీక్వెన్సీ 10 హెర్ట్జ్, మోడ్ కంటిన్యువస్. ముందు 1 హెర్ట్జ్‌లో పెట్టి మెల్లగా పెంచండి, బొటనవేలు లయగా ముడుచుకుంటే ప్యాడ్ సరైన చోట ఉన్నట్టు. తర్వాత 10కి మార్చి, వేలు కదలడం ఆగే దాకా తగ్గించి 30 నిమిషాలు వదిలేయండి. వారానికి కనీసం రెండుసార్లు, 12 వారాలు. మూడు వారాలకే పనిచేయలేదని మిషన్ అటకెక్కించేవాళ్లే ఎక్కువ.

చాలా మిషన్లు ఆన్ చేయగానే నొప్పుల ప్రోగ్రాంలో, 80 నుంచి 100 హెర్ట్జ్ మీద మొదలవుతాయి. అది మార్చకుండా నెలల తరబడి పెట్టుకుంటే కాలు జివ్వుమనడం తప్ప ఫలితం రాదు. నూనె రాసుకున్న కాలికి ప్యాడ్ అంటుకోదు. పేస్‌మేకర్ ఉన్నా, గర్భిణి అయినా వద్దు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్లు చర్మం కాలినా గుర్తించలేరు, వాళ్లు ఇంట్లో ఒంటరిగా చేయొద్దు.

గుంటూరు_యూరోడైనమిక్స్
10 ఎందుకు సార్? సూదితో చేసే పద్ధతికి 20 హెర్ట్జ్ కదా. 34 గేజ్ సూది, గుబ్బకి మూడు వేళ్ల పైన, 60 డిగ్రీల వాలు, 200 మైక్రోసెకన్లు, 0.5 నుంచి 9 మిల్లీఆంపియర్ల వరకు, వారానికోసారి 30 నిమిషాలు, 12 సార్లు.

ఫిజియో_హనుమకొండ
సూది నరం పక్కనే ఉంటుంది, ప్యాడ్ చర్మం మీద ఉంటుంది. రెండింటికీ ఒకే లెక్క కట్టొద్దు. చర్మం మీద 10తోనూ 20తోనూ ట్రయల్స్ జరిగాయి. 20 పెట్టినంత మాత్రాన తప్పు కాదు, 100 పెడితేనే తప్పు.

సీమ_సుబ్బు
మొదటి ప్రశ్నకి జవాబు: ఉంది. నడుం కింద పెట్టి, వెన్ను అడుగున ఉండే సేక్రల్ నరానికి కరెంటిచ్చే సేక్రల్ పేస్‌మేకర్ అదే పని చేస్తుంది. బ్లాడర్ నిండగానే గుర్తుపట్టి ఆన్ అవుతుంది.

బయోమెడ్_రాజమండ్రి
దయచేసి ఇలా రాయకండి. జనం నమ్మి డబ్బు పెడతారు. సేక్రల్ స్టిమ్యులేటర్ దేన్నీ గుర్తుపట్టదు. 14 హెర్ట్జ్, 210 మైక్రోసెకన్ల పల్సు, మూడో సేక్రల్ నరానికి రాత్రింబవళ్లు అలా ఇస్తూనే ఉంటుంది. బ్లాడర్ ఖాళీగా ఉందా, నిండిందా దానికి తెలియదు. అమెరికాలో 1997లో అనుమతి వచ్చినప్పటి నుంచి ఇదే సూత్రం, మారింది బ్యాటరీ, సైజు, ఎమ్మారై వెసులుబాటు.

సీమ_సుబ్బు
కోప్పడకుండా 2019 జనవరి నేచర్ పత్రిక చూడండి. బ్లాడర్ చుట్టూ సెన్సర్ బెల్టు, తనంతట తానే ఆన్ అయ్యే లైటు. క్లోజ్డ్ లూప్, అంటే తనే కొలిచి తనే అదుపు చేయడం, అదే కదా?

బయోమెడ్_రాజమండ్రి
అది ఎలకల్లో చేశారు. బ్లాడర్ నరాల్లోకి వైరస్‌తో జీన్ పంపి, వాటిని వెలుతురుకు స్పందించేలా మార్చి, చిన్న ఎల్ఈడీతో శాంతపరిచారు. ఆ పని అద్భుతం, కాదనను. కానీ సేక్రల్ పేస్‌మేకర్‌కీ దానికీ సంబంధం లేదు.

గుంటూరు_యూరోడైనమిక్స్
పన్నెండేళ్లుగా ప్రెషర్ ట్రేసులు చదువుతున్న అనుభవంతో చెప్తున్నా, అసలు చిక్కు సెన్సర్ దగ్గరే. లోపల ఒక్క ప్రెషర్ సెన్సర్ పెడితే దగ్గు, నవ్వు, మెట్లెక్కడం అన్నీ బ్లాడర్ సంకోచంలాగే కనిపిస్తాయి. మేము పురీషనాళంలో రెండో గొట్టం పెట్టి పొట్ట ఒత్తిడిని తీసేస్తేనే డెట్రుసర్ (బ్లాడర్ కండరం) ఒత్తిడి తెలుస్తుంది. రోజంతా తిరిగే మనిషికి ఆ రెండో గొట్టం ఎక్కడ పెడతారు?

సీమ_సుబ్బు
ఆ బెల్టు కొలిచేది ప్రెషర్ కాదు, సాగుడు. దగ్గితే బ్లాడర్ సైజు మారదు. మీ అభ్యంతరం దానికి వర్తించదు.

బయోమెడ్_రాజమండ్రి
ఈ మాట సరైనదే. అయితే ఓవర్ యాక్టివ్ బ్లాడర్‌లో 150 మి.లీ.కే అర్జెంటు వస్తుంది, నిండడం కొలిస్తే చాలదు. అందుకే ఆ ఎలకల ప్రయోగం చేసినవాళ్లు బ్లాడర్ నిండి ఖాళీ అయ్యే తీరు చూసి, మరీ తరచుగా ఖాళీ అవుతుంటేనే లైటు వెలిగేలా ప్రోగ్రాం రాశారు. ఆ ఉపాయమే నాకు అన్నిటికన్నా నచ్చింది. ఇక మనిషిలో ఆ బెల్టు ఏళ్ల తరబడి సాగుతూ ముడుచుకుంటూ తెగకుండా ఉండాలి. అది తేలలేదు.

డాలస్_తెలుగు
మీరిద్దరూ ఎలకల దగ్గరే ఆగిపోయారు. ఇక్కడ చీలమండ ఇంప్లాంట్లు వాడుకలో ఉన్నాయి. ఈకాయిన్‌కి 2022లో అనుమతి వచ్చింది. నాణెం లాంటిది, ఛార్జింగ్ లేదు, మొదటి 18 వారాలు మూడు రోజులకోసారి, తర్వాత నాలుగు రోజులకోసారి తనే 30 నిమిషాలు పనిచేస్తుంది. రెవికి 2023లో వచ్చింది, లోపల బ్యాటరీయే లేదు, పైన కట్టుకునే పట్టీ నుంచి కరెంటు తీసుకుంటుంది. ఈకాయిన్ గడియారం ప్రకారం, రెవి పట్టీ కట్టుకున్నప్పుడు నడుస్తాయి, ఇవీ బ్లాడర్‌ని చూడవు.

నెల్లూరు_కేరర్
చూసేది డీఫ్రీ అండీ, జపాన్‌ది. పొత్తికడుపు మీద అంటించే అల్ట్రాసౌండ్ సెన్సర్, నిండుతుంటే ఫోన్‌కి కబురు పంపుతుంది. వైద్యం చేయదు. జఘనాస్థికి కాస్త పైన సరిగ్గా అమరాలి, జెల్ ఎండితే రీడింగ్ పోతుంది. అర్జెంటు చెప్పలేని పెద్దవాళ్లకి పనికొస్తుంది. 150కే అర్జెంటు వచ్చేవాళ్లకి ఆ కబురు అందేలోపే పరుగు మొదలవుతుంది.

గుంటూరు_యూరోడైనమిక్స్
సేక్రల్ ఇంప్లాంట్ మీద అపోహలు చాలా ఉన్నాయి కాబట్టి రాస్తున్నా. లీడ్ (నరం దగ్గర పెట్టే, కొసన నాలుగు కాంటాక్టులున్న సన్నని వైరు) సరైన చోట పడిందో లేదో ఆపరేషన్ టేబుల్ మీదే తెలుస్తుంది. కరెంటు ఇస్తే మలద్వారం లోపలికి ముడుచుకోవాలి, బొటనవేలు వంగాలి. పాదం మొత్తం తిరిగితే రెండో నరం, వేలు అసలు కదలకపోతే నాలుగోది. మొదట ట్రయల్ పెట్టి, లక్షణాలు సగానికి సగం తగ్గితేనే పర్మనెంట్ బ్యాటరీ. తర్వాత ఉన్నట్టుండి ఫలితం పోతే వెంటనే తీసేయక్కర్లేదు. ముందు ఇంపీడెన్స్ (కరెంటుకి ఎంత అడ్డు ఉందో) చూడాలి. 4000 ఓమ్స్ దాటితే ఎక్కడో తెగింది, 50 కన్నా తక్కువైతే షార్ట్. రెండూ కాకపోతే లీడ్ జరిగి ఉండొచ్చు, నాలుగు కాంటాక్టుల్లో వేరే జత ఎంచి చూడాలి. జివ్వుమనడం మర్మస్థానం దగ్గర తెలియాలి. పిరుదులోనో కాల్లోనో తెలుస్తుంటే ప్రోగ్రామింగ్ తప్పు.

డాలస్_తెలుగు
ఎమ్మారై సంగతి ఎవరూ ముట్టుకోలేదు. పాత మోడళ్లకి తల వరకే, 1.5 టెస్లా. 2020 నుంచి వచ్చిన లీడ్లున్న సిస్టమ్స్‌కి షరతులతో ఫుల్ బాడీ, 3 టెస్లా కూడా. పాత లీడ్ ఉంచేసి బ్యాటరీ ఒక్కటే మార్చుకుంటే ఆ వెసులుబాటు రాదు. తెగిన లీడ్ ముక్క లోపలే మిగిలినా అంతే. స్కాన్‌కి వెళ్లేటప్పుడు ఇంప్లాంట్ కార్డు మీద మోడల్ నంబర్ చూపించాలి. ఫిజియోథెరపీలో ఒంటి లోపలికి వేడి పంపే డయాథర్మీ మాత్రం ఏ మోడల్‌కీ పనికిరాదు.

కృష్ణాతీరం
అందరికీ థాంక్సండీ. నాలుగో ప్రశ్న, ఖర్చు, అలాగే ఉండిపోయింది.

ఫిజియో_హనుమకొండ
ఖర్చు కన్నా ముందు డైరీ రాయించండి. మూడు రోజులు, ప్రతిసారీ టైము, కొలత గ్లాసులో ఎన్ని మి.లీ., ఎంత అర్జెంటు, తాగిన నీళ్లు, టీ కాఫీలు. కొలతలు అన్నిసార్లూ 400 దాకా ఉండి, రోజుకి మూడు లీటర్లు తాగుతుంటే అది ఓవర్ యాక్టివ్ బ్లాడర్ కాకపోవచ్చు.

గుంటూరు_యూరోడైనమిక్స్
మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో స్కాన్ కూడా. మూత్రం కల్చర్ కూడా చేయించండి, ఇన్ఫెక్షన్ ఉంటే ఏ మిషనూ పనిచేయదు. ఇక 10 హెర్ట్జ్ గురించి హనుమకొండ సార్‌తో నా చర్చ పూర్తవలేదు. టెన్స్ వేవ్‌ఫాం రెండువైపులా సమానంగా ఉంటే నెగెటివ్ వైరు ఏ ప్యాడ్‌కి పెట్టినా ఒకటే కదా?

ఫిజియో_హనుమకొండ
సమానంగా ఉంటే ఒకటే. మిషన్ మాన్యువల్‌లో "అసిమెట్రికల్" అని ఉంటే మాత్రం కింద ప్యాడ్‌కే పెట్టాలి.