సిజేరియన్ తర్వాత కుట్లు, పత్యం, బెల్టు, రెండో కాన్పు: తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణలంక శ్రావణి:
అక్కకి సిజేరియన్ అయింది, రేపు డిశ్చార్జి. స్నానం ఎప్పుడు, బెల్టు ఎన్నాళ్లు, పత్యం ఎంతవరకు, వచ్చేసారి నార్మల్‌కి అవకాశం ఉందా?

వార్డు సిస్టర్:
ముందు కుట్లు ఏ రకమో అడగండి. కరిగే దారమైతే తీసే పనే లేదు. నైలాన్ దారమో పిన్నులో అయితే మామూలుగా 5 నుంచి 7 రోజులకు తీస్తారు, షుగరున్నా బరువెక్కువున్నా ఇంకాస్త ఆగుతారు. డ్రెస్సింగ్ తీశాక స్నానం చేయొచ్చు. గాయం మీద సబ్బు రుద్దకుండా నీళ్లు జారనిచ్చి, శుభ్రమైన పొడి గుడ్డతో అద్దాలి. పొట్ట మడత కింద చెమ్మ నిలిచిన చోటే కుట్లు పాడవుతాయి. పసుపు, పౌడరు, నూనె ఏవీ వద్దు.

నూజివీడు మావిడి:
అసలు సంగతి పత్యం. పప్పు, వంకాయ, పెరుగు పెడితే కుట్లు చీము పడతాయి. పదకొండో రోజు దాకా నీళ్లు గొంతు తడిపేంతే ఇవ్వాలి. మన పెద్దవాళ్లంతా అలాగే కోలుకున్నారు.

వార్డు సిస్టర్:
పెద్దవాళ్లలో ఎక్కువమందికి కడుపు కోసి కుట్లు వెయ్యలేదండీ. చీము పట్టేది క్రిములతో, పప్పుతో కాదు. షుగరు, రక్తహీనత, ఉమ్మనీరు పోయి చాలా గంటలయ్యాక ఆపరేషన్, ఇవీ ముప్పు పెంచేవి. గాయం పూడాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించి కారప్పొడి అన్నంతో సరిపెడితే ఎక్కడినుంచి వస్తాయి?

నూజివీడు మావిడి:
ఇంటి వైద్యమంటే మీకు చులకన. శొంఠి, వెల్లుల్లి కూడా మానమంటారా?

వరంగల్ ఫిజియో:
శొంఠి, వెల్లుల్లి పెట్టండి, ఎవరూ కాదనలేదు. నీళ్లు ఆపడమే ప్రమాదం! పాలిచ్చే తల్లికి రోజుకు రెండున్నర, మూడు లీటర్లు పోవాలి. తగ్గితే మలబద్ధకం, ముక్కితే కుట్ల మీద ఒత్తిడి. యూరిన్ పైపు తీశాక మంట, ఇన్ఫెక్షన్ కూడా. కాన్పు తర్వాత రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది, నీళ్లు లేక మంచానికే అతుక్కుంటే పిక్కలో గడ్డ కట్టొచ్చు. ఒక్క కాలే వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిల్లి, మోకాళ్లు ముడిచి, కాళ్లు మంచం కిందికి జార్చి, మోచేతి మీద బరువేసి లేవాలి. వెల్లకిలా నుంచి నేరుగా లేస్తే కుట్లు గుంజుతాయి. దగ్గు, తుమ్ము వస్తే దిండు పొట్టకు అదుముకోవాలి. బెల్టు నడిచేటప్పుడు ఊతం, అంతే. పొట్ట కరిగించదు. పడుకునేటప్పుడు తీసెయ్యాలి.

మియాపూర్ నాన్న:
అన్నిటికీ మూలం వెన్నులో ఇచ్చిన ఆ ఇంజెక్షనే. జీవితాంతం నడుంనొప్పి ఖాయం.

మత్తు డాక్టరు:
మత్తివ్వడమే నా వృత్తి, ఈ అపోహతో ఆడవాళ్లను భయపెట్టడం ఆపండి. ఏళ్ల తరబడి ఉండే నడుంనొప్పికి స్పైనల్ (ఆపరేషన్‌కి వెన్నులో ఇచ్చే ఆ మత్తు ఇంజెక్షన్) కారణం కాదు. గర్భంతో వదులైన కీళ్లు, వంగి పాలివ్వడం కారణాలు. బిడ్డను వంగి అందుకోకుండా దిండు మీద రొమ్ము ఎత్తుకు తెచ్చుకోవాలి.

స్పైనల్‌తో నిజంగా రాగలిగేది తలనొప్పి. కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గుతుంది, సూది చేసిన రంధ్రంలోంచి వెన్నులోని ద్రవం కారడం వల్ల. పారాసెటమాల్, కాఫీతో తగ్గకపోతే ఆమె రక్తమే కొంచెం తీసి వెన్ను దగ్గర ఎక్కిస్తారు. పారాసెటమాల్ పాలిచ్చే తల్లికి పర్లేదు, రోజుకు 4 గ్రాములు దాటకూడదు. ఐబుప్రొఫెన్ కలిపిన బిళ్లల్లోనూ అది ఉండొచ్చు, లెక్కలో కలపండి.

లెక్కల మాస్టారు:
2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. కాన్పుల్లో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రలో 42.4, దేశం మొత్తమ్మీద 21.5. ముహూర్తం పెట్టి కోయించడం ఆపాలి ముందు! వైద్యపరమైన కారణం లేకుండా 39 వారాలకు ముందే తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది ముప్పు పెరుగుతుంది.

నూజివీడు మావిడి:
ఇప్పుడు ముహూర్తాల మీద పడ్డారా? అడిగింది ఒకటి, చెప్పేది ఒకటి.

వార్డు సిస్టర్:
నార్మల్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. ఒకే సిజేరియన్, గర్భసంచి కింది భాగంలో అడ్డకోత అయితే ప్రయత్నించినవాళ్లలో నూటికి 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుంది. పాత కుట్టు విడిపోయే ముప్పు 200 మందిలో ఒకరికి, అందుకే వెంటనే ఆపరేషన్ చేయగల, రక్తం సిద్ధంగా ఉండే ఆస్పత్రిలోనే. చర్మం మీద మచ్చ అడ్డంగా ఉన్నంతమాత్రాన లోపలి కోతా అడ్డమే అనుకోవద్దు. లోపలి కోత సంగతి తెలియాలంటే కావాలి, డిశ్చార్జి కాగితం పారేయకండి. మళ్లీ గర్భానికి కనీసం ఏడాదిన్నర ఆగాలి, రెండేళ్లయితే ఇంకా మంచిది.

కృష్ణలంక శ్రావణి:
ఐరన్, కాల్షియం బిళ్లలు ఒకేసారి వేయొచ్చా?

వార్డు సిస్టర్:
వద్దు, కాల్షియం ఐరన్‌ను పట్టనివ్వదు. రెండు గంటల తేడా ఉంచండి. ఐరన్ టీ, కాఫీలతో వద్దు, 180 రోజులు ఆపకండి. గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసినా, 100.4 దాటి జ్వరం వచ్చినా, కుట్ల నుంచి వాసనతో నీరు కారినా ఇక్కడ అడుగుతూ కూర్చోకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.